మదాం గారి ఇంగ్లీషు పాఠం

హైమవతికి ఫ్రెంచి వ్యాకరణం వచ్చు. ఫ్రెంచి రాదు.

ఈ రెండింటికీ తేడా ఏమిటంటారా? ఆవిడ చేత ఫ్రెంచిలో గ్లాసుడు మంచినీళ్లు అడిగించండి. గ్లాసు ఆడదా మగదా, నీళ్ల ముందు ఏ ముక్క చేర్చాలి, ఎంత మర్యాదతో అడగాలి అని ఆవిడ తేల్చుకునేలోపు మీకే దాహం పుడుతుంది.

కాకినాడలో ఆడపిల్లల కాలేజీలో ఏళ్ల తరబడి ఇంగ్లీషు చెబుతున్న మనిషి. ఆవిడ ఎర్ర పెన్సిలంటే పిల్లలకే కాదు, తోటి లెక్చరర్లకీ హడలు. స్టాఫ్ రూములో ఇంగ్లీషు దంచుతున్న మేధావులు ఆవిడ గుమ్మంలో కనబడగానే చల్లగా తెలుగులోకి దిగిపోయేవారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసి, కొంచెం గర్వపడేది కూడా.

అంత మనిషికి, నెత్తిన సగం వెంట్రుకలు నెరిశాక, ఈ ఫ్రెంచి ఎందుకు పట్టుకుంది అంటే, వాళ్ల అక్క వల్ల.

అక్క కాత్యాయని యానాం కుర్రాణ్ణి పెళ్లి చేసుకుంది. యానాం అప్పటికి ఫ్రెంచివాళ్లది. అతనికి సైగాన్‌లో ఫ్రెంచి సర్కారు కొలువు. కులం కాని పెళ్లి. తండ్రి గుమ్మం తొక్కొద్దన్నాడు. అక్క మొగుడితో ఓడెక్కి వెళ్లిపోయింది. అక్కడ ఒక ఆడపిల్లని కని, ఆ పిల్లకి ఊహ తెలిసీ తెలియకముందే కన్ను మూసింది. బావ పిల్లని ఫ్రాన్సు తీసుకెళ్లి సన్యాసినుల బళ్లో వేశాడు. కొన్నాళ్లకి ఆయనా పోయాడు.

ఆ పిల్ల పేరు ఒదీల్. ఇప్పుడు పెద్దదై ఉద్యోగం చేసుకుంటోంది. తెలుగు ముక్క రాదు, ఇంగ్లీషూ రాదు. ఆ పిల్ల కార్తీకంలో యానాం వస్తోందని కబురు తెచ్చినవాడు బావకి వరసకి తమ్ముడయ్యే వరహాలరావు. ఫ్రెంచి పింఛను మీద, ఫ్రెంచి మీసాల మీద బతుకుతున్న పెద్దమనిషి.

"వాళ్లమ్మ ఎలా ఉండేదో చెప్పే మనిషి కోసం వస్తోందండి," అన్నాడాయన. "మావాళ్లలో ఆవిణ్ణి పట్టుమని నాలుగు రోజులు చూసినవాళ్లు లేరు. మీవాళ్లలో మీరొక్కరే మిగిలారు. మీకేం భయం లేదు. మీరు తెలుగులో అనండి, నేను ఫ్రెంచిలో వాయించేస్తాను."

హైమవతి ఆయన మీసాలకేసి చూసింది. జడ వేసి, అన్నం కలిపి ముద్దలు పెట్టి పెంచిన అక్క. ఆ అక్క గురించిన మాటలు ఆ మీసాల్లోంచి దూరి వెళ్లడం ఆవిడకి సుతరామూ నచ్చలేదు.

"అక్కర్లేదండి. నేనే నేర్చుకుంటాను," అంది.

అలా వెళ్లి మదాం గారి గుమ్మంలో నిలబడింది.

* * *

మదాం గారి అసలు పేరు దమయంతమ్మ. ఆ పేరు పింఛను ఆఫీసుకి తప్ప ఎవరికీ గుర్తులేదు. యానాంలో ఫ్రెంచి బడి ఉన్నన్నాళ్లూ పంతులమ్మ. ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయాక సుద్దముక్క కింద పెట్టి, గోదావరి గట్టు పక్క వీధిలో తన పెంకుటింట్లో కూర్చుంది. డెబ్భై దాటినా వెన్ను వంగలేదు, నాలుక అంతకన్నా వంగలేదు.

హైమవతి ప్రతి ఆదివారం కాకినాడ నుంచి బస్సులో వచ్చేది. చేతిలో లండన్‌లో అచ్చయిన లావుపాటి వ్యాకరణ పుస్తకం. ఇంగ్లీషువాళ్లకి ఫ్రెంచి నేర్పడానికి ఇంగ్లీషువాళ్లు రాసుకున్నది.

"ఇందులో ఉన్న తిరకాసులన్నీ బట్టీపట్టానండి. ఒక్కటే బుర్రకెక్కడం లేదు," అంది ఒక ఆదివారం. "ప్రాణం లేని వస్తువులకి ఆడా మగా ఏమిటి? కుర్చీ ఆడదెందుకయింది?"

"అందర్నీ మోస్తుంది గనక," అంది మదాం, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ.

"మరి మంచం మగదేం?"

"పొద్దస్తమానం పడుకునే ఉంటుంది గనక."

హైమవతి నవ్వకుండా ఆ రెండూ రాసుకుంది. అదీ ఆవిడ జబ్బు.

ఇంకో ఆదివారం క్రియల మీద పడి మొత్తుకుంది. నేను అంటే ఒక తోక, నువ్వు అంటే ఇంకో తోక, వాళ్లు అంటే మరో తోక, ఇదేం భాషండీ, ఇంగ్లీషులో ఈ బాధ ఉందా అని.

మదాం చిక్కుడుకాయ కింద పడేసింది. "వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది, వస్తారు. ఇవన్నీ నీకు ఎవరు బట్టీ పట్టించారే?"

హైమవతి పుస్తకం మూసింది.

"మీ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య గోడే లేదు. నువ్వేమో వీధంతా చుట్టుతిరిగి, ఇంగ్లీషువాడి ప్రహరీ ఎక్కి, చీర చింపుకుని దూకుతానంటావు. దూకు మరి."

నిజానికి మదాంకి ఈ శిష్యురాలంటే ప్రాణం. తను పాఠం చెప్పిన పిల్లలందరూ వెళ్లిపోయాక, దేవుడు పంపినట్టు వచ్చిన పిల్ల. యాభై ఏళ్లకి దగ్గర పడుతున్న పిల్ల. ఆ పిల్లకి ఆదివారం ఉదయం బస్సు దిగగానే పెసరట్టు సిద్ధంగా ఉండేది. తిట్లు దాని తర్వాతే.

నెలలు గడిచాయి. రాతలో హైమవతి ఫ్రెంచిలో తప్పు పట్టడానికి మదాంకే కళ్లజోడు కావలసి వచ్చేది. నోటి మాట దగ్గరే వచ్చింది చిక్కంతా.

"నిన్న ఏం వండుకున్నావు?" అని ఫ్రెంచిలో అడుగుతుంది మదాం.

హైమవతి సర్దుకుని కూర్చుంటుంది. మొదలుపెడుతుంది. మూడో మాట దగ్గర ఏదో తప్పిందని అనుమానం వస్తుంది. చెయ్యి లేస్తుంది. "పార్దోన్," అంటుంది, క్షమించాలని. మళ్లీ మొదటి మాట నుంచి ఎత్తుకుంటుంది. ఈసారి ఇంకో చోట అనుమానం. పార్దోన్. మళ్లీ మొదలు.

"వంకాయ కూర అని చెప్పడానికి వంకాయ కాసేంత సేపు పట్టింది," అనేది మదాం.

ఒదీల్ వచ్చే నెల దగ్గరపడింది. ఒక ఆదివారం హైమవతి పెసరట్టు ముట్టుకోలేదు.

"నావల్ల కాదండి. వరహాలరావు గారికే చెబుతాను, ఆయన్నే మాట్లాడమని."

"ఏమొచ్చింది ఇప్పుడు?"

"ఆ పిల్ల వాళ్లమ్మ గురించి వినడానికి అంత దూరం నుంచి వస్తోంది. నేను దాని ఎదట కూర్చుని ముక్కలు ముక్కలుగా, నత్తి నత్తిగా... మా అమ్మ పుట్టింటివాళ్లు ఇంతేనా అనుకోదూ? మా అక్క మాటలు తప్పుల్లేకుండా చెప్పాలండి. తప్పులతో చెప్పడం కన్నా చెప్పకపోవడం నయం."

మదాం ఆ పెసరట్టు మీద మూత పెట్టింది.

తర్వాత లేచి, తను ఎవరినీ కూర్చోనివ్వని పేము కుర్చీ తెచ్చి హైమవతి ముందు వేసింది. తను కింద పీట మీద కూర్చుంది.

"ఇవాళ ఫ్రెంచి వద్దు. నాకు ఇంగ్లీషు నేర్పు."

"మీకా?"

"ఏం, ముసలిదానికి నోరు తిరగదా? యానాం చుట్టూ అన్నాళ్లూ ఇంగ్లీషువాడి రాజ్యమేగా. సంతకి వెళ్లినా, ఆసుపత్రికి వెళ్లినా నాలుగు ముక్కలు ఏరుకున్నాను. నేను మాట్లాడతాను. నువ్వు దిద్దు. ఒక్క తప్పు వదిలావో, ఊరుకోను."

ఆ ఇంట్లో హైమవతి మొహం వెలిగింది అదే మొదటిసారి. కుర్చీలో నిటారుగా కూర్చుంది. "ఏదైనా మీకు బాగా తెలిసిన సంగతి చెప్పండి," అంది, అచ్చం క్లాసులో అన్నట్టు.

మదాం చెప్పింది. ఆ ఇంగ్లీషుని ఉన్నదున్నట్టు రాస్తే పాపం చుట్టుకుంటుంది. తెలుగులో దాని పోలిక ఇలా ఉంటుంది:

"నా మొగుడు సైగాన్ యుద్ధం వెళ్లెను. అయిదు సంవత్సరం. నేను ఒకటి ఇల్లు."

"అయిదు సంవత్సరాలు. ఇంట్లో నేను ఒక్కదాన్నే ఉన్నాను."

మదాం బుద్ధిగా అప్పజెప్పింది.

"అతని తల్లి నా ఇల్లు రాదు. పెళ్లిదినం ఆమె ఒట్టు తినెను."

"ఒట్టు పెట్టుకుంది."

"పెట్టుకుంది. చాల దినము ఉత్తరము లేదు. మనుషులు చెప్పును, చచ్చిపోయెను, బొట్టు తీయుము. నేను తీయను."

హైమవతి అందులో నాలుగు చోట్ల ఆపింది. మదాం నాలుగు చోట్లా సరిగ్గా పలికింది. ఆవిడ వేళ్లు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. గొంతు మారింది. హైమవతి ఆ గొంతు వినడం లేదు, క్రియలు వింటోంది.

"ఒక మధ్యాహ్నం. తలుపు చప్పుడు. నా చేతులు పిండి. నేను తలుపు తీయుచున్నాను. అతను నిలబడి. చిక్కి, నల్లగా. అతని వెనక—"

"తీశాను," అంది హైమవతి. "జరిగిపోయింది కదండీ. తీశాను అనాలి."

మదాం ఆగింది.

"నేను తలుపు తీశాను," అంది. తేటగా, తప్పు లేకుండా పలికింది. తర్వాత పీట మీద నుంచి లేచి, దండెం మీద బట్టలు తీసి మడత పెట్టుకోసాగింది.

హైమవతి కాసేపు చూసింది. "ఆగిపోయారేం? చెప్పండి."

"ఏం చెప్పాలి?"

"తలుపు తీశారు."

"తీశాను."

"ఆయన వెనక ఎవరో ఉన్నారు."

"ఉన్నారా?"

"మీరేగా అన్నారు, వెనక అని!"

"అది ఇందాకటి తలుపమ్మా. తప్పుగా తీశాను. నువ్వు సరిచేశావుగా. ఇప్పుడు తలుపు లక్షణంగా ఉంది."

"మదాం గారూ!"

"నీ బస్సు పోతుంది. బయల్దేరు. పెసరట్టు ఆకులో చుట్టి ఇస్తాను, దార్లో తిను."

* * *

ఆ వారం హైమవతికి అన్నం సహించలేదు.

వెనక ఎవరు? సైగాన్ నుంచి ఇంకొకత్తెని తెచ్చాడా? చంకలో పిల్లతోనా? ఆ వయసులో ఈవిడ చేతులకి పిండితో ఆ గుమ్మంలో నిలబడి ఏం చేసింది? బస్సులో అదే, స్నానం చేస్తుంటే అదే. పెద్దావిడ బతుకు గురించి ఇలా కొట్టుకుపోవడం సిగ్గుచేటని తనని తాను తిట్టుకుంది. తిట్టుకుని, మళ్లీ అదే.

బుధవారం నాడు ఒక విద్యార్థిని వ్యాసం దిద్దింది. వాళ్లింటి గేదెకి జబ్బు చేసిన సంగతి. కాగితం నిండా ఎరుపు చేసి పక్కన పెట్టింది. పెట్టాక, ఆ గేదె బతికిందో చచ్చిందో తనకి తెలియలేదని తోచింది. పెన్సిలు సొరుగులో పడేసి మళ్లీ మొదటి నుంచి చదివింది.

ఆదివారం బస్సు దిగి, చెప్పులు విడవకుండానే గుమ్మంలోంచి అడిగింది. ఏ భాషలో అడుగుతోందో ఆవిడకే తెలియదు. ఫ్రెంచిలో అడిగింది. దాని వాటం ఇలా ఉంది:

"వెనక ఎవడు? ఆడ ఎవడు? ఆయన ఇంకో పెళ్లాన్ని తెచ్చిందా? మీరు ఏడ్చాడా? చెప్పండి, నాకు నిద్ర పోలేదు, ఏడు రోజు!"

మదాం పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పి చూసింది. అట్ల కాడ పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి గుమ్మంలోనే, ఆవిడ ఎదట నిలబడింది. ఫ్రెంచిలోనే, మెల్లిగా చెప్పింది.

"ఆయన వెనక మా అత్తగారు. బడికి పోయి జీతం తెచ్చుకునే కోడలి గుమ్మం తొక్కనని ఒట్టు పెట్టుకున్న మనిషి. ఓడ వస్తోందని తెలిసి పుదుచ్చేరి దాకా వెళ్లి కొడుకుని తీసుకొచ్చింది. చెప్పులు చేత్తో పట్టుకుని, తల దించుకుని, ఆయన వీపు చాటున నిలబడింది."

"మీరు ఏమి చేస్తాడు? ఎవరు ముందు? ఎవరు లోపల పిలిచెను?"

"నీళ్లు తెచ్చి ముందు ఆవిడ కాళ్ల దగ్గర పెట్టాను. లోపలికి రండి అత్తా అన్నాను. అయిదేళ్ల తర్వాత వచ్చిన మొగుణ్ణి ఎండలో మరిచిపోయాను. ఆయన నిలబడి ఒకటే నవ్వు."

హైమవతి గుమ్మానికి ఆనుకుంది. ఆ తలుపు చెక్క మీద చెయ్యి వేసింది.

"మా నాన్న తీయలేదు," అంది. అదీ ఫ్రెంచిలోనే. అందులో తప్పుందో లేదో ఇద్దరిలో ఎవరూ చూడలేదు.

మదాం ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. పొయ్యి మీద అట్టు మాడింది. మాడిన అట్టే ఇద్దరూ తిన్నారు.

బస్సుకి వెళ్లేటప్పుడు హైమవతి వీధి మెట్ల మీద ఆగింది. "ఇందాక ఎన్ని తప్పులు మాట్లాడానండీ?"

"ఏమో. నేను నీకు జవాబు చెప్పే పనిలో ఉన్నాను," అంది మదాం.

* * *

ఒదీల్‌ని వరహాలరావు మదాం గారింటికి తీసుకొచ్చాడు. పొట్టి జుట్టు, పొడుగు చేతులు. గుమ్మంలో ఆ పిల్ల నిలబడిన తీరు చూడగానే హైమవతి కూర్చున్నచోటు నుంచి లేచింది. మెడ అలా ఒక పక్కకి వంచి నిలబడేది ఈ లోకంలో ఒక్క మనిషే.

"తాంత్ ఐమా," అంది ఆ పిల్ల. పిన్నీ అని. హైమ ఆ నోట ఐమా అయింది. సరిచేయాలని కూడా హైమవతికి తోచలేదు.

కూర్చున్నారు. మొదటి రెండు మాటలు బాగానే వచ్చాయి. మూడో మాట దగ్గర వరహాలరావు దగ్గాడు. "ఆడ కాదండి, మగ. సూర్యుడు మగ. ఆ మాటకి ముందు—"

హైమవతి చెయ్యి లేవబోయింది.

మదాం లోపలి నుంచి పళ్లెంలో పూతరేకులు తెచ్చింది. "తినండి రావుగారూ," అని ఒకటి ఆయన చేతికిచ్చింది. ఆయన మొహమాటపడి నోట్లో పెట్టుకున్నాడు. అది నోట్లో ఉండగా మాట్లాడబోతే చక్కెర పొడంతా మీసాల మీదికి ఎగురుతుంది. ఆయన నోరు ఖాళీ అయ్యేసరికి మదాం రెండోది పెట్టింది. "ఊళ్లో ఇలాంటివి దొరకవు, మొహమాటపడకండి."

హైమవతి చెయ్యి మళ్లీ ఒళ్లోకి దిగింది. ఆవిడ చెప్పుకుపోయింది. అక్క తన జడ ఎంత బిగించి వేసేదంటే కనుబొమ్మలు పైకి లేచేవని. పచ్చి చింతకాయలు దొంగిలించి, ఉప్పు మాత్రం చెల్లెలి చేత దొంగిలింపజేసేదని. క్రియల తోకలు ఊడిపోయాయి. ఆడవన్నీ మగవయ్యాయి. ఒదీల్ నవ్వింది. కళ్లు తుడుచుకుంది. కుర్చీ ముందుకి లాక్కుంది.

"ఇంకా మీ అమ్మ ఒక పని చేసేది. ఆడపిల్లలు చేయకూడని పని," అంది హైమవతి. "పెరట్లో, నూతి దగ్గర. నాన్న లోపలి నుంచి ఎవడ్రా అది అని కర్ర పట్టుకుని వచ్చేవాడు, పక్కింటి కుర్రాడనుకుని. మీ అమ్మే. ఆవిడ..."

మాట లేదు. ఆ మాట లండన్ పుస్తకంలో ఎక్కడా తగల్లేదు.

వరహాలరావుకి ఆ మాట తెలుసు. కళ్లు పెద్దవి చేశాడు. నోట్లో మూడో పూతరేకు.

హైమవతి మూతి సున్నా చుట్టింది. ఊదింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఎర్ర పెన్సిలు లెక్చరరు, నెరిసిన జుట్టు మనిషి, బుగ్గలు పొంగించి మళ్లీ ఊదింది. మళ్లీ గాలే.

ఒదీల్ ఆ మూతికేసి చూసింది. తర్వాత తన మూతి సున్నా చుట్టింది.

ఈల వచ్చింది. ఒక చిన్న వరస, పైకి లేచి, ఆగి, కిందికి జారే వరస. పెరట్లో నూతి దగ్గర నుంచి వచ్చే వరస.

మదాం పళ్లెం కింద పెట్టేసింది.

ఈల అయిపోగానే ఒదీల్ మాట్లాడటం మొదలుపెట్టింది. హైమవతి చేతులు రెండూ పట్టుకుని, ఊపిరి తీయకుండా, గబగబా. సైగాన్, వంటగది, వాన, అమ్మ. మధ్యలో ఏడుస్తోంది, మధ్యలో నవ్వుతోంది.

హైమవతికి అందులో సగమే అర్థమైంది. ఆ పిల్లని ఆపలేదు.